చెర్రీ చెట్టుకు రెండు వందల ఐదు దారాలు

సంచి సర్దింది నేనే. నా చెల్లెలు జాంఫిరాకి బట్టలు మడతపెట్టడం చేతకాదు. ఇరవై ఏళ్ళుగా ఫ్యాక్టరీలో ఆవిరి ఇస్త్రీ మీద మగవాళ్ళ కోట్లు ముడత లేకుండా తీస్తున్న మనిషి, తన బట్టలు మాత్రం ఉండ చుట్టి కుక్కుతుంది. అందుకని ఆ ఆదివారం దాన్ని పక్కకి జరగమని నేనే నేలమీద కూర్చున్నాను. అడుగున రెండు ఉన్ని స్వెట్టర్లు, వాటి మీద కాగితంలో చుట్టిన చెప్పులు, మధ్యలో తువ్వాలు చుట్టిన వంకాయ పచ్చడి సీసా, పక్క జేబులో దగ్గు మందు, చిన్న కత్తెర.

"కత్తెరెందుకక్కా? ఇటలీలో కత్తెరలుండవా?"

"ఉంటాయి. నీ చేతికి అలవాటైంది ఉండదు."

"బస్సు ఏప్రిల్ పధ్నాలుగున. ఇవాళ మార్చి ముప్పై ఒకటి. రెండు వారాల ముందే మూటా ముల్లే కట్టేస్తున్నావు. నన్ను వదిలించుకోవాలని అంత తొందరగా ఉందా?"

వెళ్ళేవాళ్ళ సంచి ఆఖరి రోజున సర్దితే ఏదో ఒకటి మర్చిపోతారు. మర్చిపోయిన వస్తువు ఇంట్లో కనిపిస్తూనే ఉంటుంది. ఆనకట్ట పనికని వెళ్ళిన మా నాన్న గడ్డం గీసుకునే కత్తి పదకొండేళ్ళు అద్దం దగ్గర ఉంది. స్పెయిన్ వెళ్ళిన నా మొగుడి గొడుగు ఇప్పటికీ తలుపు వెనక వేలాడుతోంది. జాంఫిరా వస్తువు మాత్రం ఒక్కటీ మిగలకూడదని నా పట్టు.

అమ్మ పోయేనాటికి దానికి ఆరేళ్ళు, నాకు ఇరవై. ఆ తర్వాత మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, ఒకే ఫ్యాక్టరీకి వెళ్ళాం. 2013 వసంతం నాటికి దానికి నలభై మూడు, నాకు యాభై ఏడు. కిందటి జూలైలో ఆవిరి గదిలో అది కళ్ళు తిరిగి పడిపోయింది. నీళ్ళు చల్లి లేపి, మిగిలిన కోట్లు పూర్తి చేయించి ఇంటికి పంపారు. ఆ రోజు నుంచే ఇటలీ మాట ఎత్తింది. అక్కడ పాదువా అనే ఊళ్ళో ఒక ముసలావిడని చూసుకునే పని. తెలివి చక్కగా ఉన్న మనిషి, లిఫ్టున్న ఇల్లు, ముందు చిన్న తోట. "ఇంకో వేసవి ఆ గదిలో నిలబడలేనక్కా" అంది. నిలబడమని ఏ నోటితో చెప్పను?

కానీ నాకూ ఒక లెక్క ఉంది. అది జాంఫిరాకి చెప్పలేదు.

మా ఫ్యాక్టరీలో ఒకప్పుడు ఉమ్మడి ఒప్పందం ఉండేది. రోజుకి ఎన్ని కోట్లు కుట్టాలి, ఎండాకాలంలో ఎంతసేపు విరామం, శనివారం రమ్మంటే ఏం చెయ్యాలి, అన్నీ యూనియన్ కూర్చుని బేరమాడేది. రెండేళ్ళ కిందట చట్టం మారింది. ఫ్యాక్టరీలో సగం మంది, ఆ పైన ఒకరు సంతకం పెట్టారని కోర్టు తేలిస్తేనే ఆ యూనియన్ బేరానికి కూర్చోవచ్చు. ఒక్కరు తగ్గినా కుర్చీ లేదు. అంతమంది లేరని తేలాక, సిబ్బంది వ్యవహారాలు చూసే పింతియా గారు తనకి కావలసిన ఇద్దరు మనుషుల్ని పిలిచి, వీళ్ళే మీ ప్రతినిధులన్నాడు. వాళ్ళు మా నాలుగు వందల మంది తరఫున ఒక్క కాగితం మీద సంతకం పెట్టి వచ్చారు. ఆ ఏడాదిలోనే రోజువారీ లెక్క మూడుసార్లు పెంచారు.

యూనియన్ మళ్ళీ నిలబడితే ఒప్పందం వస్తుంది. ఒప్పందం వస్తే ఆవిరి గదిలో పంకాలు పెట్టించవచ్చు, రోజుకి ఇన్ని కోట్లని గీత గీయవచ్చు. అప్పుడు జాంఫిరా ఇటలీ ఎందుకు వెళ్తుంది? ఇదీ నా లెక్క.

సంచి జిప్పు వేసి వసారాలో తలుపు పక్కన పెట్టాను. తర్వాత గ్యాసు కట్టేశానో లేదోనని వెళ్ళి చూసి, తిరిగి వచ్చి, మళ్ళీ వెళ్ళి చూశాను.

*

మార్చి ఒకటిన మా దగ్గర ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన చిన్న ముడి ఆడవాళ్ళకి ఇస్తారు. మార్తిషోర్ అంటారు. నెలంతా గుండె మీద పెట్టుకుని, నెలాఖరున పూసిన చెట్టు కొమ్మకి కట్టేస్తారు. ఫ్యాక్టరీ కూడా ప్రతి ఆడమనిషికీ ఒకటి ఇస్తుంది, చిన్న రేకుబిళ్ళ మీద ఫ్యాక్టరీ గుర్తుతో. గేటు ముందు, బస్సులాగే చోట ఒక చెర్రీ చెట్టు ఉంది. ఏటా ఎవరికి తోచిన వాళ్ళు దానికి కట్టిపోతుంటారు.

ఆ ఏడు చెట్టు సంగతి ఒర్తన్సాకి చెప్పింది నేనే. ఒర్తన్సా బొత్తాం కాజాల మిషను మీద పనిచేసేది, యూనియన్‌కి అధ్యక్షురాలు. ఆవిడ గొంతు విప్పితే నాలుగు మిషన్ల చప్పుడుని మించి వినిపించేది. అప్పటికి ఆవిడ సంచిలో నూట డెబ్బై ఒక్క సంతకాలున్నాయి. ఫ్యాక్టరీలో మనుషులు నాలుగు వందల ఆరుగురు. రెండు వందల నాలుగు కావాలి.

"జనం ఎందుకు పెట్టట్లేదో తెలుసా?" అన్నాను. "ఒంటరిగా మిగిలిపోతామని. పేర్లు చూపించలేం కదా. దారాలు చూపిద్దాం. సంతకం పెట్టినవాళ్ళు ఫ్యాక్టరీ ఇచ్చిన దారాన్ని గేటు చెట్టుకి కట్టాలి. పెట్టనివాళ్ళు ఇంటికి తీసుకుపోవాలి. ఎవరు కట్టారో తెలియదు, ఎంతమందో తెలుస్తుంది."

"సవేతక్కా," అంది ఒర్తన్సా, "నువ్వు పుస్తకాలు చదివి చెడిపోయావనుకున్నాను. బాగుపడ్డావే!"

నన్ను ఫ్యాక్టరీలో లాయరమ్మ అని ఏడిపించేవాళ్ళు. నేను ఎనిమిదో తరగతితో ఆపేశాను. ఆ తర్వాత చదివిందంతా నాకు నేను చదువుకున్నదే. గ్రంథాలయంలో ఒక వరస చివరికంటా, తర్వాత ఇంకో వరస. కార్మిక చట్టం మొత్తం, కోట్ల కొలతలు గీసే కత్తిరింపు కాగితాల వెనక ఎత్తి రాసుకున్నాను. అర్థం కానిచోట మూడోసారి చదివేదాన్ని.

సోమవారం ఉదయం బస్సు దిగేసరికి చెట్టు నిండా పూలు, పూల మధ్య ఎర్రతెల్ల దారాలు, గాలికి టిక్కుటిక్కుమంటున్న రేకుబిళ్ళలు. అందరూ లోపలికి వెళ్తూ ఒకసారి తలెత్తి చూశారు, అంతే. మధ్యాహ్నానికి ఆరుగురు ఒర్తన్సాని స్నానాల గదిలో పట్టుకున్నారు. మర్నాడు పదకొండుమంది. ఇంట్లో దాచుకున్న దారాలు జేబుల్లో పెట్టుకు తెచ్చి, సంతకం పెట్టి, బయటికి వెళ్తూ కట్టారు. శుక్రవారానికి సంతకాలు రెండు వందల ఐదు.

"ఒకటి ఎక్కువే వచ్చింది!" అంది ఒర్తన్సా. నన్ను ఎత్తి తిప్పినంత పని చేసింది. "సోమవారం కోర్టులో వేసేద్దాం."

ఆ సాయంత్రం పింతియా గారు చెట్టు కింద బెంచీ మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు. మేం బస్సు కోసం నిలబడ్డాం. మర్యాదగా మాట్లాడే మనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు.

"చెట్టు అందంగా ఉందమ్మా," అన్నాడు. "రెండు వందల ఐదు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను."

మాకు మేము ధైర్యం చెప్పుకోవడానికి కట్టిన దారాలు. ఆయన కూడా లెక్కపెట్టగలడని నాకు తట్టలేదు. అన్నిసార్లు గ్యాసు చూసుకునే మనిషిని, ఇది చూసుకోలేదు.

*

సోమవారం పక్క గేటులోంచి పధ్నాలుగు మంది కొత్త ఆడవాళ్ళు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు, మిషను ముట్టనివాళ్ళు. ఇప్పుడు మేం నాలుగు వందల ఇరవై. రెండు వందల పదకొండు కావాలి. మా దగ్గర రెండు వందల ఐదు.

కుట్టడం రానివాళ్ళని ఎక్కడ పెడతారు? నా బల్ల దగ్గరే. కోటు తయారై వచ్చాక మిగిలిన దారప్పోగులు కత్తిరించి, లోపాలు చూసి పంపే పని నాది. పింతియా గారే వాళ్ళని వెంటబెట్టుకొచ్చాడు.

"వీళ్ళకి కత్తెర నేర్పు సవేతా. నోరు కాదు."

భోజనాల వేళ ఒర్తన్సా నా ఎదురుగా కూలబడింది. మనిషి సగమైంది. అప్పటికే ఇద్దరు వచ్చి, మా పేరు తీసేయమని అడిగారట, ఎలాగో నచ్చజెప్పి ఆపింది.

"పాతవాళ్ళలో ఇంకో ఆరుగురిని పడదాం," అన్నాను.

"ఆరుగురిని పడితే ఆయన ఇంకో ఇరవై మందిని తెస్తాడు. పరిగెత్తేకొద్దీ గీత జరుపుతాడు." ఒర్తన్సా మా బల్ల చివర రొట్టె తింటున్న కొత్తవాళ్ళకేసి చూసింది. "ఆయన తెచ్చినవాళ్ళే సంతకం పెట్టారనుకో. ఇంకెవర్ని తెస్తాడు?"

ఆ మాటతో నాకు పని దొరికింది. మూడు రోజులు కత్తెరతో పాటు నోరూ నేర్పాను. పోగు ఎక్కడ పట్టాలో చూపిస్తూ రోజువారీ లెక్క ఎలా పెరుగుతుందో చెప్పాను. భోజనాల వేళ కత్తిరింపు కాగితం తీసి చట్టం చదివాను. వాళ్ళు వినేవారు, తలూపేవారు, చెయ్యి మాత్రం కలానికి వచ్చేది కాదు. వాళ్ళకి తమలోనే ఉన్న పరస్కీవా ఎంతంటే అంత. యాభై దాటిన మనిషి, కోళ్ళు పెంచుకుని బతికింది, మాట పడని రకం.

గురువారం గోడ పక్కన ఎండలో కూర్చున్నాం. నేను కాగితం తీయగానే పరస్కీవా చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగమ్మా లాయరమ్మా. ముందు నాకోటి చెప్పు. ఆ చెట్టుకి దారాలు కట్టించిన తెలివిగల మనిషెవరు?"

"నేనే," అన్నాను. "తప్పు నాదే. నా వల్లే ఆయనకి లెక్క తెలిసింది."

"నీ వల్లే నాకు ఉద్యోగం వచ్చింది. దండం పెట్టాలి నీకు." అందరూ నవ్వారు. పరస్కీవా నవ్వలేదు. "సంతకం పెడితే నెలలోపు నన్ను పంపేస్తారు. నేనింకా పని చూసి ఉంచాలో లేదో తేల్చే గడువులో ఉన్నదాన్ని. మళ్ళీ కోళ్ళ దగ్గరికి పోతాను. సరే, పోతాను. మరి నీ చెల్లెలెక్కడికి పోతోంది?"

నేను కాగితం మడిచాను.

"ఇటలీ బస్సు డ్రైవరు మా ఆయన మేనల్లుడు. ఆదివారం బస్సు ప్రయాణికుల చీటీలో పేరు చూశాడు. నీ ఇంట్లోనే ఉండే మనిషి బస్సెక్కి పోతుంటే, నన్నేమో గేటుకి కట్టేస్తావా?"

సరిగ్గా అప్పుడే జాంఫిరా వచ్చింది. ఆవిరి గదిలోంచి వచ్చేటప్పుడు దాని మొహం ఎప్పుడూ ఉడకబెట్టినట్టు ఎర్రగా ఉండేది. పరస్కీవా మాట దానికి వినపడింది. వినపడనట్టే నా పక్కన కూర్చుని, రొట్టె విరిచి, కొరికింది. నమిలింది. అందరూ దాన్నే చూస్తున్నారు.

"ఆదివారం వెళ్ళట్లేదు," అంది.

"మరెప్పుడు?" అంది పరస్కీవా.

"జడ్జి తేల్చాక." నా డబ్బాలోంచి ఊరమిరపకాయ ఒకటి తీసుకుంది. "ఇది నిన్నటిదా అక్కా? ఉప్పు తక్కువైంది."

నాకు సంతోషం వేసింది. అది దాచి లాభం లేదు. ఆ సంతోషం యూనియన్ కోసం కాదు, సంతకాల కోసం కాదు. జాంఫిరా ఆగిపోయింది, అంతే. అక్కడున్న అందరిలోకీ సిగ్గులేకుండా సంతోషపడింది నేనే.

పరస్కీవా గౌను మీది రొట్టె ముక్కలు దులుపుకుంది. "ఆలోచిస్తాం," అని లేచింది.

*

ఆ సాయంత్రం జాంఫిరా పాదువాకి ఫోన్ చేసింది. నెల ఆగుతారా అని అడిగింది. ముసలావిడ కూతురు మంచిదే, కానీ ఆవిడకి రేపే మనిషి కావాలి. ఫోన్ పెట్టేసి మేడ మీదికి వెళ్ళింది. మూడో అంతస్తులో స్తెలూత్సా అని ఒకావిడ, తనకీ ఎక్కడైనా పని చూడమని ఎన్నాళ్ళుగానో అడుగుతూ ఉండేది.

"లిఫ్టుంది," అని స్తెలూత్సాకి చెప్పింది జాంఫిరా. "తోట ఉంది. ఆవిడకి చేపలు గిట్టవట, అది గుర్తుపెట్టుకో."

"నీ చోటు నాకిచ్చేస్తున్నావేమే పిచ్చిదానా? దేనికి?"

"ఇక్కడ ఒక సంతకం ఉంది. దాని దగ్గర మనిషి కూడా ఉండాలి."

ఆదివారం మేమిద్దరం స్తెలూత్సా పెట్టె పట్టుకుని బస్సు దాకా వెళ్ళాం. జాంఫిరా పేరు కొట్టేసి ఆమె పేరు రాశారు. బస్సు కదిలాక వెనక్కి వస్తూ నేను జాంఫిరా చెయ్యి పట్టుకున్నాను. "ఏంటక్కా, రోడ్డు దాటిస్తున్నావా నన్ను?" అని నవ్వింది. ఇంటికొచ్చి సంచి విప్పుదామన్నాను. వద్దంది. తువ్వాలూ పచ్చడి సీసా మాత్రం తీసింది. సంచి అలాగే తలుపు పక్కన ఉండిపోయింది. రోజూ దాన్ని దాటుకునే పనికి వెళ్ళేవాళ్ళం.

మంగళవారం భోజనాల గంట కొట్టగానే పరస్కీవా నా బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"కలం."

తొమ్మిదిమంది పెట్టారు. పధ్నాలుగు మందిలో తొమ్మిదిమంది. నా కత్తెర తాడుకి కట్టిన కలంతోనే, ఒకరి తర్వాత ఒకరు. ఒకామె పేరు గీత దాటింది. ఒర్తన్సా ముందు నుంచే చెంపకి గుడ్డ కట్టుకుని పన్ను నొప్పి నటిస్తోంది. ఆఖరి సంతకం ఆరేలోపు కాగితాలు కోటు లోపలి జేబులో పెట్టుకుని, మేస్త్రీ ఎదురుగా మూలుగుతూ గేటు దాటింది. ఆ రోజే కోర్టులో పడాలి. రేపటికి ఆ తొమ్మిదిమంది పనిలో ఉంటారో ఉండరో తెలియదు. నాలుగింటికి నా ఫోన్ మోగింది.

"పన్ను పీకేశారక్కా!" అని అరిచింది ఒర్తన్సా. "రెండు వందల పధ్నాలుగు! ముద్ర కొట్టారు!"

*

ముద్ర పడ్డాక నెల్లాళ్ళు ఎదురుచూశాం. సంతకం పెట్టిన కొత్తవాళ్ళలో ఇద్దరిని పనికి పనికిరారని పంపేశారు, వాళ్ళ చోట ఇంకో ఇద్దరు వచ్చారు. పాతవాళ్ళలో ఒకామె భయపడి కోర్టుకి వెళ్ళి తన పేరు తీయించుకుంది. నేను వేళ్ళ మీద తీసివేసుకుంటూ కూర్చున్నాను. రెండు వందల పదకొండు. సరిగ్గా గీత మీద.

పింతియా గారు జాంఫిరాని తన గదికి పిలిచాడు. ఇటలీ వెళ్ళాలనుకుంటున్నావట, ఎందుకమ్మా ఆలస్యం, ముందస్తు నోటీసు కూడా అక్కర్లేదు, ఇవాళే కాగితం ఇస్తాను, ఈస్టరుకి అక్కడుంటావు అన్నాడట.

"నువ్వేమన్నావు?" అన్నాను.

"మా అక్క గుడ్లకి రంగు వేసేసింది, వృథా అవుతాయన్నాను."

ఈస్టరునాడు ఎర్రగుడ్లు ఒకదానితో ఒకటి కొట్టుకున్నాం. ముందు ఎవరి గుడ్డు పగిలితే వాళ్ళు ఓడినట్టు. నాది ఎప్పుడూ ముందు పగులుతుంది. ఆ రోజు దానిది పగిలింది. నా మనసు కీడు శంకించింది. అది మాత్రం పగిలిన గుడ్డు ఒలుచుకుని ఉప్పద్దుకు తినేసింది.

మే పధ్నాలుగు, మంగళవారం, కోర్టు. చిన్న గది. మేం పదిహేనుమందిమి వెళ్ళాం, మిగిలినవాళ్ళు పనిలో ఉన్నారు. పరస్కీవా పండగ రుమాలు కట్టుకొచ్చింది. జడ్జి నడివయసు ఆడమనిషి, జలుబు చేసి ఉంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది.

ఫ్యాక్టరీ తరఫు లాయరు లేచి జాబితాలో పేర్లు ఒక్కొక్కటే పట్టుకున్నాడు. ఈ సంతకం పోలడం లేదన్నాడు. ఆ మనిషి వచ్చి జడ్జి ఎదుట మళ్ళీ సంతకం పెట్టింది. ఈమె సెలవులో ఉందన్నాడు. సెలవులో ఉన్నా ఉద్యోగంలో ఉన్నట్టేనంది జడ్జి. ఆ ముక్క నా కాగితం మీదా ఉంది. నేను పెదాలతోనే చదివేసరికి ఒర్తన్సా నా మోచెయ్యి గిల్లింది.

తర్వాత అతను ఇంకో కాగితం తీశాడు.

"నూట నలభై ఎనిమిదో పేరు. జాంఫిరా. ఈమె ఏప్రిల్ పధ్నాలుగున ఇటలీ వెళ్ళిపోయింది. బస్సు కంపెనీ చీటీలో పేరుంది. దేశంలోనే లేని మనిషిని సభ్యురాలిగా చూపించారు."

ఆ చీటీలో పేరు కొట్టేసింది మా కళ్ళ ముందే. వీళ్ళ చేతికి వచ్చింది కొట్టేయక ముందుదన్నమాట. అది రోజూ పనికి వస్తోందని పింతియా గారికి తెలుసు, ఇవాళ కోర్టుకి రాలేదనుకుని ఆడించిన అబద్ధం.

వెనక బల్ల కిర్రుమంది. జాంఫిరా లేచి నిలబడింది. ఉన్నవాటిలో మంచి జాకెట్టు వేసుకుంది, నేనే ఇస్త్రీ చేశాను.

"ఇక్కడే ఉన్నానమ్మా," అంది.

జడ్జి కళ్ళద్దాల మీంచి చూసింది. "గుర్తింపు కార్డు?"

జాంఫిరా ముందుకి నడిచి కార్డు ఇచ్చింది. జడ్జి కార్డు చూసి, మనిషిని చూసి, రాసుకుంది. "ఈమె ఉంది," అంది గుమాస్తాతో. "తర్వాతి పేరు."

తర్వాత పెద్దగా ఏమీ జరగలేదు. పన్నెండున్నరకి తీర్పు చెప్పారు. సభ్యులు రెండు వందల పదకొండు. యూనియన్‌కి బేరమాడే హక్కుంది. పింతియా గారు కాగితాలు సర్దుకుని, వెళ్తూ వెళ్తూ మాకు తల వంచి నమస్కారం కూడా చేశాడు. బయట మెట్ల మీద ఒర్తన్సా ఏడ్చింది. పరస్కీవా మాత్రం, "ఆకలేస్తోంది, ఇక్కడ ఏం దొరుకుతుంది?" అంది.

*

నా లెక్క ప్రకారం ఇక్కడితో కథ అయిపోవాలి. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చి సంచి విప్పడానికి కూర్చున్నాను.

"విప్పకక్కా," అంది జాంఫిరా.

"గెలిచాం కదే! పంకాలు పెట్టిస్తాం. లెక్క తగ్గిస్తాం. నీ చేత్తో గెలిచావు."

"పెట్టిస్తారు. ఒర్తన్సా వదలదు. కానీ బేరం రేపు మొదలైతే జూలైలో తేలుతుంది. పంకాలు వచ్చేసరికి ఎండలు పోతాయి. ఈ వేసవి ఒక్కటి నేను దాటాలి కదా." నా పక్కన నేలమీద కూర్చుంది. "వేరే చోటు దొరికింది. కొండ మీద ఊరు, మంచం మీదున్న పెద్దాయన. వేసవి గడవగానే వచ్చేస్తాను. అప్పటికి నా ఇస్త్రీ మిషను దగ్గర పంకా తిరుగుతూ ఉండాలి. లేకపోతే నీ పని చెప్తా."

అలిసిపోయిన మనిషి దగ్గర ఇంకా ఏం బేరమాడను? అంతమంది తరఫున బేరానికి కుర్చీ సంపాదించినదాన్ని, మా ఇంట్లో నాకు కుర్చీ లేదు. పచ్చడి సీసా కొత్తది తెచ్చి, తువ్వాలు చుట్టి, తీసినచోటే పెట్టాను. కత్తెర ఉందో లేదో చూశాను. ఉంది.

ఒప్పందం జూలై పన్నెండున జరిగింది. పదహారు పేజీలు. ఆవిరి గది ఇరవై రెండో అంశం: కిటికీలు, రెండు పంకాలు, ఎండలు ముదిరిన రోజుల్లో గంటకోసారి విరామం. ఆ అంశం నేనే రాశాను. ఒర్తన్సా ఒక్క మాట కూడా మార్చలేదు. పింతియా గారు ఒకే పంకా అన్నాడు. పరస్కీవా రెండంది. మూడు గంటలు రెండు దగ్గరే నిలబడింది. సెప్టెంబరులో పంకాలు వచ్చాయి. జాంఫిరాకి ఫోన్ చేసి, రిసీవరు పంకా దగ్గర పెట్టి వినిపించాను.

"బాగా తిరుగుతోందక్కా," అంది. "ఇక్కడ పెద్దాయనకి బాగాలేదు. ఈ నెల అయ్యాక చూద్దాం."

ఆ ఒప్పందాన్ని అప్పటినుంచి ఐదుసార్లు తిరగరాసుకున్నాం. ఒకసారి మళ్ళీ గీత మీదికి వచ్చాం, ముగ్గురే ఎక్కువ. ఇప్పుడు చట్టం కాస్త మెత్తబడింది, సగం మంది అక్కర్లేదు, మూడో వంతుకి కొంచెం పైన చాలు. అలాగని మేం సగం కంటే తగ్గలేదు. నేను పనిమాని చాలా ఏళ్ళయింది. అయినా బేరం మొదలయ్యే ముందు కొత్త పిల్లలు కాగితాలు పట్టుకుని మా ఇంటికి వస్తారు, నేను చదివి గీతలు గీసి ఇస్తాను. యూనియన్‌కి ఇప్పుడు పరస్కీవా కోడలు అధ్యక్షురాలు, అత్తకంటే గట్టిది. చెట్టుకి దారాలు ఇప్పుడూ కడతారు, సంతకం పెట్టినవాళ్ళూ పెట్టనివాళ్ళూ అందరూ కలిసి, ఎవరూ లెక్కపెట్టలేకుండా. అది కూడా నేను చెప్పిందే.

స్తెలూత్సా పాదువాలో నాలుగేళ్ళుండి వచ్చేసింది. మూడో అంతస్తులోనే ఉంది. ఉదయం ఆవిడ కుళాయి తిప్పితే మా గోడలో చప్పుడవుతుంది.

జాంఫిరా 2013 మే 19, ఆదివారం ఉదయం ఆరున్నర బస్సుకి వెళ్ళింది. 2017 ఫిబ్రవరి 8న ఆ కొండ ఊళ్ళోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది, అక్కడే పూడ్చారు. తిరిగి రాలేదు.